'హెల్త్ ఫ్రెండ్' ఉద్యోగం కాదట! కౌంటీ ఆసుపత్రిలో చేరడానికి నాకు పట్టిన పదకొండు నెలలు

మూడు వారాలైంది ఉద్యోగంలో చేరి. కాలిఫోర్నియాలో ఒక కౌంటీ ఆసుపత్రి, పేషెంట్ల రిజిస్ట్రేషన్ కిటికీ దగ్గర పని. జీతం చెప్పుకునేంత ఏమీ కాదు, మా ఆయన సాఫ్ట్‌వేర్ జీతం పక్కన పెట్టి చూస్తే చిల్లరే. అయినా మెడలో బ్యాడ్జి వేసుకుని లిఫ్ట్ ఎక్కిన రోజు నా కాళ్ళు నేల మీద లేవు. ఈ పదకొండు నెలల సంగతి మర్చిపోకముందే, ముఖ్యంగా కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. కౌంటీ ఆసుపత్రి అంటే మన గుంటూరు పెద్దాసుపత్రి అనుకోండి. చికాగోలో కుక్ కౌంటీ, హ్యూస్టన్‌లో హారిస్ హెల్త్, డాలస్‌లో పార్క్‌లాండ్ (1963లో తుపాకీ దెబ్బలు తిన్న కెనడీని తీసుకెళ్ళింది అక్కడికే), శాన్ హోసేలో వ్యాలీ మెడికల్ సెంటర్, ఇవన్నీ ఈ కోవలోవే. ఇన్సూరెన్స్ ఉన్నా లేకపోయినా జనం వచ్చేది వీటికే. కాలిఫోర్నియా చట్టంలో సెక్షన్ 17000 అని ఒకటుంది, దిక్కులేని పేదవాళ్ళను ఆదుకోవాల్సిన బాధ్యత కౌంటీదేనని చెప్తుంది. అందుకని ఇక్కడ కిటికీ దగ్గర కూర్చునే మనిషి పేరూ ఫోన్ నంబరూ రాసుకుని ఊరుకుంటే సరిపోదు. వచ్చినవాళ్ళకి మెడికాల్ (కాలిఫోర్నియాలో పేదవాళ్ళకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) వస్తుందా, కౌంటీ వాళ్ళ సాయం ఏదైనా వర్తిస్తుందా, ఏ కాగితం తక్కువైంది అని అప్పటికప్పుడు చూడాలి.

ఈ పని నాకు కొత్త కాదండీ. 2009 నుంచి 2015 దాకా గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి హెల్ప్ డెస్క్‌లో ఆరోగ్యమిత్రగా చేశాను. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది కదా, నేను చేరేసరికి జనానికి బాగా అలవాటైపోయింది. తెల్ల కార్డు చూడటం, కార్డులో పేరుకీ ఓటరు కార్డులో పేరుకీ తేడా వస్తే తంటాలు పడటం, ప్రీఆథ్ (వైద్యానికి ముందస్తు అనుమతి) వచ్చిందా లేదా అని మెడ్కో (ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ వ్యవహారాలు చూసే డాక్టరు) వెనకాల తిరగటం, డిశ్చార్జి రోజున మందులూ బస్సు ఛార్జీ ఇచ్చారో లేదో కనుక్కోవటం. ఇక్కడ చేసేదీ అచ్చంగా అదే. కార్డు రంగు మారిందంతే.

అప్లికేషన్ పెట్టడం అరగంట పని. అది పోయిన ఏడాది ఫిబ్రవరిలో. హెచ్4 మీద, అంటే మా ఆయన వర్క్ వీసా మీద ఆధారపడ్డ వీసాతో ఉన్నాను, ఈఏడీ (పని చేయడానికి అనుమతి కార్డు) ఉంది కాబట్టి ఉద్యోగం చేయొచ్చు. ఇంటర్ చదువు చాలన్నారు, రెండేళ్ళ ఆఫీసు పని అనుభవం ఉండాలన్నారు, అందులో ఒక ఏడాది ఆసుపత్రిలో అయ్యుండాలి. నాకు ఆరేళ్ళు. ఇంకేముంది, వచ్చేసినట్టే అనుకున్నా.

మార్చి నెలాఖరున ఒక శుక్రవారం సాయంత్రం మెయిల్ వచ్చింది. కనీస అర్హతలు లేవు, థాంక్యూ. రెండే లైన్లు. మా చిన్నాడికి సాంబారన్నం కలుపుతూ ఒక చేత్తో చదివాను. ఆసుపత్రి అనుభవం అన్నదాని ఎదురుగా 'సున్నా నెలలు' అని ఉంది. ఆరేళ్ళకి సున్నా!

సోమవారం పొద్దున్నే ఫోన్ చేశాను. అవతల హెచ్ఆర్ అనలిస్టు. పాపం గట్టిగా మాట్లాడలేదు, మర్యాదగానే అడిగింది. "మీరు హెల్త్ ఫ్రెండ్ అని రాశారు. అంటే ఫ్రెండ్స్ ఆఫ్ ద లైబ్రరీ లాంటిదా? వలంటీరింగ్ మేము లెక్కేసుకోం."

నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. ఇక్కడ ఊరూరా లైబ్రరీకి 'ఫ్రెండ్స్' అని ఒక సంఘం ఉంటుంది. రిటైరైన పెద్దవాళ్ళు శనివారం పూట పాత పుస్తకాలు అమ్మి డబ్బు పోగు చేస్తుంటారు. నా ఆరేళ్ళ ఉద్యోగాన్ని ఆ లెక్కలో వేసింది ఆవిడ! ఈ 'హెల్త్ ఫ్రెండ్' నేను రాసింది కూడా కాదు. రెజ్యూమె బాగా రాస్తాడని ఎవరో చెప్తే మనవాడే ఒకాయనకి 150 డాలర్లు ఇచ్చాను. ఆయన ఆరోగ్యమిత్రని ముక్క ముక్కగా విడదీసి ఇంగ్లీషు చేసి పెట్టాడు. ఆరోగ్యం హెల్త్, మిత్ర ఫ్రెండ్. నేనూ చూసుకుని బావుందనుకున్నా, అబద్ధం ఎందుకు చెప్పాలి. డబ్బులిచ్చి రెజ్యూమె రాయించుకోవద్దని నేను ఇప్పుడు కనిపించినవాళ్ళందరికీ చెప్తున్నాను, ఆయన ఇది చదివినా నాకేం ఫర్వాలేదు.

దానికి తోడు ప్రశ్నావళి ఒకటి ఉంటుంది. "పేషెంట్ల రిజిస్ట్రేషన్‌లో మీ అనుభవం వివరించండి, సంస్థ పేరు, హోదా, వారానికి ఎన్ని గంటలు, చేసిన పనులు" అని. అక్కడ నేను 'రెజ్యూమె చూడండి' అని రాసి ఊరుకున్నాను. అలా రాయకూడదని పైనే ఉందట. కౌంటీలో రెజ్యూమె ఎవరూ సరిగ్గా చూడరు, ఆ పెట్టెల్లో రాసిందే లెక్క. ఇంకోటి, వాళ్ళకి ఏళ్ళు అక్కర్లేదు, గంటలు కావాలి. ఏడాది అంటే 2080 గంటలు. వారానికి 40, యాభై రెండు వారాలు. నేను వారానికి ఆరు రోజులు, 48 గంటలు చేశాను. ఆ రాత్రి క్యాలెండర్ వెనకాల పెన్సిల్‌తో గుణించి చూసుకున్నా. ఆరేళ్ళకి 14,976 గంటలు. దానికి వాళ్ళు ఇచ్చింది సున్నా.

అప్పీలుకి అయిదు పనిరోజులు గడువు. అనుభవం లెటరు కావాలి, ఆ పైన వాళ్ళు ఫోన్ చేస్తే పలికే సూపర్‌వైజరు కావాలి. ఇక్కడే అసలు చిక్కు. మమ్మల్ని పెట్టుకున్నది ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ. అది మూతపడి ఏళ్ళైంది. ఆసుపత్రికి మెయిల్ పెడితే సమాధానం లేదు. మా తమ్ముణ్ణి పంపిస్తే కౌంటర్లో కుర్రాడు "ఆరోగ్యమిత్రలు మా స్టాఫ్ కాదండీ" అని పంపేశాడు. నిజమే, కాదు. పేషెంటుకేమో మేమే ఆసుపత్రి, ఆసుపత్రికేమో మేము గవర్నమెంటు, గవర్నమెంటుకి మేము ఏజెన్సీ వాళ్ళం. ఆరేళ్ళు చేసి నేను ఎవరి మనిషినో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. ఆ రెండు రాత్రులు నిద్ర లేదు నాకు. మా ఆయన "పోనీలే, ఇంకోటి చూద్దాం" అన్నాడు. ఆ మాటకి ఎంత ఒళ్ళు మండిందంటే, పక్క గదిలోకి వెళ్ళి పడుకున్నా.

చివరికి మా పాత టీమ్ లీడర్ గారు దొరికారు. వేరే ఉద్యోగంలో ఉన్నారిప్పుడు. విషయం చెప్తే "ఏమని రాయమంటావమ్మా" అన్నారు. హోదా, తేదీలు, వారానికి గంటలు, పనులు అని ఒక్కొక్కటే చెప్పాను. గంటలో పంపించారు. తీరా చూస్తే "వీరి నడవడిక, ప్రవర్తన సంతృప్తికరము, వీరికి ఉజ్వల భవిష్యత్తు కలగాలని ఆకాంక్షిస్తున్నాను" అని ఇంగ్లీషులో మూడు లైన్లు. గంటలు లేవు, పనులు లేవు. మన దగ్గర లెటరంటే అదే కదా, ఆయన తప్పేముంది. మళ్ళీ నేనే రాసి పంపాను, చదివి సంతకం పెట్టారు. జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్ పేజీలు మా అమ్మ బీరువాలోంచి తీయించి ఫొటోలు కొట్టించాను. పాస్‌బుక్కులు పారేయకండి. పాత ఐడీ కార్డు కూడా. ఆరోగ్యమిత్ర అన్న మాటను ఈసారి అలాగే ఉంచేసి, పక్కన 'పేషెంట్ రిజిస్ట్రేషన్, ఎలిజిబిలిటీ క్లర్క్' అని రాశాను. చేసింది అదే కదా.

హెచ్ఆర్ వాళ్ళు ఆయనకి ఫోన్ చేసింది ఇక్కడ మధ్యాహ్నం రెండింటికి. గుంటూరులో తెల్లవారుజామున రెండున్నర. ఆయన ఆ మూడు రాత్రులూ ఫోన్ సౌండ్ పెంచి తలగడ పక్కనే పెట్టుకున్నారట, వాళ్ళావిడ చెప్పింది. లేచి కూర్చుని, గొంతు సవరించుకుని, "అవునండీ, నలభై ఎనిమిది గంటలు, సంక్రాంతికి కూడా వచ్చేది" అన్నారట. సంక్రాంతికి నేనెప్పుడూ వెళ్ళలేదు. కనుమ రోజు వెళ్ళాను రెండుసార్లు.

ఏప్రిల్‌లో నా పేరు మళ్ళీ లిస్టులోకి వచ్చింది. రాత పరీక్ష మేలో. 94 వచ్చాయి, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళతో కలిసి రాసి, అదీ ఇంగ్లీషులో. ఇది చెప్పుకోకుండా ఉండలేను.

లిస్టులో పేరుంటే ఉద్యోగం వచ్చినట్టు కాదు, పిలవడానికి అర్హత వచ్చినట్టు. జులై 4న మెడికెయిడ్ (మెడికాల్ దీని కిందే నడుస్తుంది) నిధులకి కోత పెట్టే చట్టం మీద ట్రంప్ సంతకం పెట్టాడు, దాంతో మా కౌంటీలో ఖాళీలు నింపడం ఆపేశారు. మూడు నెలలు ఉలుకూ పలుకూ లేదు. ఈలోగా మా ఫ్రెండ్స్ బ్యాచ్‌లో ఒకావిడ "అదేంటి, రిసెప్షనిస్టు ఉద్యోగానికా ఇంత తపస్సు" అంది, బిర్యానీ వడ్డిస్తూ. ఆవిడకి ఆరోగ్యశ్రీ కార్డు ఎలా ఉంటుందో తెలియదు. తెలియాల్సిన అవసరం రాలేదు, అదృష్టం.

అక్టోబరులో ఇంటర్వ్యూ. ముగ్గురు కూర్చుంటారు, ఒకరి తర్వాత ఒకరు కాగితంలో చూసి ప్రశ్న చదువుతారు, మనం చెప్పింది వంచిన తల ఎత్తకుండా రాసుకుంటారు. నవ్వరు, తల ఊపరు, ఎదురు ప్రశ్న వేయరు. అందరినీ ఒకేలా చూడాలని అదొక పద్ధతట. నాకు మొదటి రెండు ప్రశ్నలకీ గొంతు ఎండిపోయింది. మూడోది, కోపంగా ఉన్న పేషెంటును ఎలా సముదాయించారో చెప్పమన్నారు. అప్పుడు గుర్తొచ్చాడు మా గుంటూరు ఆసుపత్రికి వచ్చిన ఒక పెద్దాయన. భార్యకి గుండె ఆపరేషన్, ప్రీఆథ్ రెండు రోజులైనా రాలేదు, కోపంతో స్టీలు క్యారేజీ తెచ్చి నా టేబుల్ మీద కొట్టాడు. మూత ఊడి మజ్జిగంతా రిజిస్టర్ మీద. నేను రిజిస్టర్ తుడవకుండా ముందు ఆయన్ని కూర్చోబెట్టి, "పెద్దాయనా, మీరు తిన్నారా?" అని అడిగాను. తినలేదు. ఆ క్యారేజీ ఆవిడకని తెచ్చాడు, ఆవిడకేమో ఏమీ పెట్టొద్దన్నారు. టీ తెప్పించి తాగించి, ఆయన ముందే ఫోన్ స్పీకర్‌లో పెట్టి కనుక్కున్నాను. ఇది చెప్తుంటే ముగ్గురిలో మధ్యావిడ పెన్ను ఆపింది. తల ఎత్తి చూసింది. నాకు అప్పుడే తెలిసింది ఉద్యోగం నాదేనని.

నవంబరులో ఆఫరు, షరతుల మీద. వేలిముద్రలు, పాత టీకాల రక్తపరీక్షలు, ఎన్95 మాస్కు సరిపోతుందో లేదో తల మీద సంచి లాంటిది కప్పి తియ్యటి మందు చల్లి చూడటం, అన్నీ సాఫీగా అయిపోయాయి. టీబీకి మాత్రం చర్మం మీద పొడిచే పరీక్ష చేయించుకోకండి, చిన్నప్పటి బీసీజీ టీకా వల్ల మనవాళ్ళకి అది పాజిటివ్ చూపించే అవకాశం ఉంది, మళ్ళీ ఎక్స్‌రే అంటూ తిప్పుతారు. రక్తపరీక్ష అడగండి. హెచ్4 వాళ్ళకి ఇంకోమాట. 2025 అక్టోబరు 30 నుంచి ఈఏడీ రెన్యువల్‌కి ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. కొత్త కార్డు చేతికి రాకుండా పాతది అయిపోతే ఇంట్లో కూర్చోవాల్సిందే, ఆరు నెలల ముందే పంపించేయండి. 'ఎక్స్‌ట్రా హెల్ప్' అని తాత్కాలికపు పోస్టులుంటాయి, చిన్నచూపు చూడొద్దు, మా కిటికీలో సగం మంది అలా వచ్చినవాళ్ళే.

ఇక పోయిన బుధవారం సంగతి. ఒక పెద్దావిడ వచ్చింది కొడుకుతో, కడుపునొప్పి. చీర కట్టు చూడగానే నాకు తెలిసిపోయింది. పేరు రాసుకుంటుంటే "ఇక్కడ ఆరోగ్యశ్రీ చెల్లదా అమ్మా?" అంది. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. కాగితాల సంగతి వరకు తెలుగులో మాట్లాడాను. లోపలికి వెళ్ళాక నర్సు పిలిచింది. జబ్బు గురించి మాట్లాడాల్సి వస్తే మాత్రం నేను పనికిరానట, పరీక్ష పాసై అర్హత ఉన్న దుబాసీయే మాట్లాడాలి. ఫోన్లో దుబాసీని పట్టుకున్నారు. ఆయనెవరో గంభీరంగా "తమరి మలవిసర్జన ఏ విధంగా ఉన్నది?" అన్నాడు. పెద్దావిడ నా వైపు తిరిగి "ఏమంటున్నాడే ఈయన?" అంది. నేను పెదవి కొరుక్కుని నిలబడ్డాను. దొడ్డికి సరిగా వెళ్తున్నారా అని అడగడానికి నాకు అర్హత లేదు.

మర్నాడే మేనేజర్‌ని అడిగి ఆ పరీక్షకి పేరిచ్చాను. వచ్చే నెల 9న ఉంది. తెనాలిలో పుట్టి గుంటూరులో ఉద్యోగం చేసినదానికి తెలుగులో పరీక్షట, మా అమ్మకి ఫోన్ చేసి చెప్తే ఇంకా నవ్వుతోంది.