రెండు ఆకుపచ్చ కప్పలు, ఒక బల్ల

మా ఊరి లైబ్రరీ వాళ్ళు పోయిన నెల ఒక శనివారం "పాత కంప్యూటర్లు" అని పిల్లల కోసం చిన్న ప్రదర్శన పెట్టారు. ఎవరి దగ్గరైనా ఏమైనా ఉంటే తెచ్చి బల్ల వేసుకోమన్నారు. మా ఆయన ఆ కాగితం చూసి, "నీ కప్పల్ని పట్టుకెళ్ళు" అన్నారు. కప్పలంటే నా ఎక్స్‌ఓ లాప్‌టాప్‌లు, "ప్రతి పిల్లకీ ఒక లాప్‌టాప్" (వన్ లాప్‌టాప్ పర్ చైల్డ్) అనే సంస్థ బీద దేశాల బడి పిల్లల కోసం చేయించిన చిన్న మెషీన్లు. మూత పైన రెండు ఆకుపచ్చ చెవులు లేచి ఉంటాయి కదా, అందుకని మా ఇంట్లో వాటికి ఆ పేరు.

మొదటిది 2007 చివర్లో "ఒకటి ఇవ్వు, ఒకటి తీసుకో" పథకంలో కొన్నాను. 399 డాలర్లు కడితే ఒకటి ఏదో దేశంలో బడి పిల్లవాడికి, ఒకటి మనకి. అప్పుడు మావాడికి నాలుగేళ్ళు, ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. రెండోది మా ఆఫీసులో ఒకావిడ గరాజ్ ఖాళీ చేస్తూ నాకు అంటగట్టింది. రెండూ అటక మీద పాత పట్టుచీరల పెట్టె పక్కనే ఉన్నాయి.

బ్యాటరీలు విడిగా తీసి పెట్టడం నేను చేసిన ఒకే ఒక్క మంచి పని. చార్జింగ్ పెట్టగానే రెండూ లేచాయి. గడియారం మాత్రం ఏ కాలంలోనో ఉంది. ఆన్ చేసిన మొదటి క్షణాల్లో ఎడమవైపు పై మూల మీట నొక్కితే "ఓకే" అని, ఆదేశాలు టైపు చెయ్యడానికి ఒక ప్రాంప్ట్ వస్తుంది. అక్కడ తేదీ, సమయం దిద్దాను. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. శుభ్రంగా ఉంటుంది కదా అని యూఎస్‌బీలో దాని సిస్టం 8.2.1 వెర్షన్ వేసుకుని, రెండింటికీ మొత్తం కొత్తగా సిస్టం ఎక్కించాను. ఎక్కేటప్పుడు చూడముచ్చటగా ఉంటుంది: తెర నిండా చిన్న చిన్న గళ్ళు, ఒక్కొక్కటీ రంగు మారుతూ పోతాయి. అత్తయ్యగారు పక్కన కూర్చుని "పచ్చీసు పటంలా ఉందే అమ్మాయ్" అన్నారు. అయ్యాక తెరిస్తే మధ్యలో బొమ్మ మనిషి ఒక్కడే నిలబడి ఉన్నాడు, చుట్టూ ఏమీ లేదు. యాక్టివిటీలు, అంటే దీని ప్రోగ్రాములు, సిస్టంతో పాటు రావనీ, విడిగా వేసుకోవాలనీ పదిహేనేళ్ళ కిందట నాకు తెలుసు. మర్చిపోయాను. శుక్రవారం రాత్రి పదకొండు దాకా ఒక్కొక్క యాక్టివిటీ ఫైలూ వెతికి దింపుకుని, యూఎస్‌బీలోంచి జర్నల్ (చేసిన పనులన్నీ దాచిపెట్టే చోటు) ద్వారా ఎక్కించుకుంటూ కూర్చున్నాను.

అదీ ఒకందుకు మంచిదే అయింది. దొరికినవన్నీ వెయ్యడానికి ఓపిక లేక ఆరే ఉంచాను: రాయడానికి ఒకటి, ఫోటోలకి ఒకటి, మాట్లాడే బొమ్మ ముఖం, ఆదేశాల బ్లాకులు పేరిస్తే గీతలు గీసే తాబేలు, ధ్వని తరంగాలు చూపించేది, దూరం కొలిచేది. అసలు ఆ మెషీన్‌లో ఉన్నది 256 ఎంబీ ర్యామ్, 433 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. నాలుగు ఒకేసారి తెరిస్తే ఆయాసపడుతుంది. బల్ల ముందు నిలబడ్డ పిల్లకి ఇరవై బొమ్మలు చూపిస్తే ఇరవై నొక్కుతుంది, ఒక్కటీ తెరుచుకునే దాకా ఆగదు.

తెలుగు కోసం చేసింది చిన్న పనే. లోహిత్ తెలుగు ఫాంటు ఫైలుని హోమ్‌లో డాట్ ఫాంట్స్ ఫోల్డర్‌లో పడేశాను, టెర్మినల్‌లో ఒక్క లైనుతో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక తెచ్చుకున్నాను. వత్తులు చక్కగా కూర్చున్నాయి. ఆ రబ్బరు మీటలు పిల్లల వేళ్ళకి చేసినవి, నా వేళ్ళతో "స్వాతంత్ర్యం" కొట్టేసరికి నాకు స్వాతంత్ర్యం వచ్చినంత పనైంది.

లైబ్రరీ వాళ్ళు ప్రొజెక్టర్ ఇస్తామన్నారు. దీనికి తగిలించడానికి పోర్టే లేదు. మూడు యూఎస్‌బీలు, మైకు, హెడ్‌ఫోను, తెర కింద ఎస్‌డీ కార్డు సందు, అంతే. అందుకని ప్రొజెక్టర్ వద్దు, కిటికీ పక్కన ఎండ పడే బల్ల ఇవ్వమని అడిగాను. వాళ్ళకి అర్థం కాలేదు. పదిన్నరకి ఎండ తిన్నగా తెర మీద పడ్డప్పుడు బ్యాక్‌లైట్ పూర్తిగా తగ్గించేశాను. రంగులు పోయి, తెల్లకాగితం మీద అచ్చేసినట్టు నల్లటి అక్షరాలు నిలిచాయి. పక్క బల్ల ఆయన తన లాప్‌టాప్ మీద తువ్వాలు కప్పుకుని తెర చూసుకుంటున్నాడు. నాకు కొంచెం గర్వంగానే అనిపించింది, దాచడం ఎందుకు. ఆ తెర వెనక బుర్ర, ఆ సంస్థలో సాంకేతిక పనులు నడిపిన మేరీ లూ జెప్సెన్‌ది.

చెప్పడానికని ఒక పేజీ రాసుకెళ్ళాను. 2005లో ఈ సంస్థ పెట్టిన నికొలస్ నెగ్రొపాంటే దావోస్‌లో వంద డాలర్ల లాప్‌టాప్ అని ప్రకటించడం, చివరికి ధర ఆ వందకి దిగకపోవడం, అంతా. మొదటి కుటుంబానికి సగం చదివేసరికి వాళ్ళ పిల్ల మూత తెరవడానికి తంటాలు పడుతోంది. మూత ఊరికే రాదు. రెండు చెవులూ పైకి తిప్పితేనే గొళ్ళెం వదులుతుంది. అవే వైఫై యాంటెన్నాలు, మూసి ఉన్నప్పుడు యూఎస్‌బీ సందుల్లోకి దుమ్ము పోకుండా కప్పేవీ అవే. వాళ్ళ నాన్న మూత అంచున గోరు పెట్టి లాగుతున్నారు. పిల్ల ఈలోగా ఒక చెవి తిప్పింది, తర్వాత రెండోది. నా కాగితం మడిచి బ్యాగులో పెట్టేశాను. ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్ళకీ మూత మూసే ఇచ్చాను.

ఇంకో మార్పు కూడా అప్పటికప్పుడు చేశాను. పిల్లలు ఫోటోలు తీసుకుంటారు, అవి జర్నల్‌లో ఉండిపోతాయి, తర్వాత వచ్చిన వాళ్ళు చూస్తారు. అది నాకు నచ్చలేదు. హోమ్‌లో దాగి ఉండే డాట్ షుగర్ ఫోల్డర్ (షుగర్ అంటే ఈ మెషీన్ తెర నడిపే సాఫ్ట్‌వేర్) చెరిపి మళ్ళీ మొదలుపెడితే ఫోటోలూ పోతాయి, మెషీన్ కూడా కొత్తగా పుట్టినట్టు "నీ పేరేమిటి?" అని అడుగుతుంది. తర్వాత బొమ్మ మనిషిని నొక్కుతూ రంగు ఎంచుకోమంటుంది. పని అయిపోయాక తుడవడానికని చేసింది కాస్తా అసలు ఆకర్షణ అయి కూర్చుంది. ఒక్కొక్కళ్ళూ రంగు కోసమే ఐదు నిమిషాలు. అందరూ ముందు తెర మీద వేలు పెట్టి పొడిచారు, ఏమీ కదలకపోతే నా వంక జాలిగా చూశారు.

వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒకాయన, "ఇవి మన దగ్గర ఇయ్యలేదా అండీ?" అని అడిగారు. 2006లో కేంద్ర విద్యాశాఖ వద్దంది, మరుసటి ఏడాది మహారాష్ట్రలో ఖైరాట్ అనే చిన్న పల్లె బడిలో మొదలుపెట్టారు అని చెప్పాను. మడిచిపెట్టిన కాగితంలో పనికొచ్చింది ఆ ఒక్క లైనే.

దూరం కొలిచేదానికి రెండు మెషీన్లూ ఒకే మెష్ చానల్‌లో, అంటే వైఫైలో నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా, ఉండాలి. ఒకటి చప్పుడు చేస్తే రెండోది వింటుంది, ధ్వని రావడానికి పట్టిన కాలాన్ని బట్టి మధ్య దూరం మీటర్లలో చూపిస్తుంది. ఇద్దరు అబ్బాయిలు చెరొకటి పిడి పట్టుకుని, క్యారేజీలు మోస్తున్నట్టు, పుస్తకాల అరల మధ్య వెనక్కి వెనక్కి నడిచారు. ఆ "కిర్ర్" శబ్దం లైబ్రరీలో వెయ్యకూడదన్న ఆలోచన నాకు రాకపోవడం నా తప్పే. రెండోసారికే లైబ్రేరియన్ వచ్చి నిలబడింది. మూడోసారి ఆవిడే కొలత చదివింది.

నాతో వచ్చిన అత్తయ్యగారు అప్పటిదాకా కుర్చీలో కూర్చుని ఉన్నారు. తరంగాలు చూపించేది తెరిచి, "ఏదైనా పాడండి" అన్నాను. మొహమాటపడి, గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపుకే తెర మీద గీత చెల్లాచెదురై లేచింది. తర్వాత "స" పట్టారు. గీత రెండు మూడు సార్లు వణికి, అలలు ఒకదాని వెంట ఒకటి ఒకే ఎత్తున నిలబడ్డాయి. పంచమానికి వెళ్ళేసరికి అలలు దగ్గరకి జరిగాయి. ఊపిరి అయిపోతుంటే ఎత్తు తగ్గుతూ తగ్గుతూ సన్నగిల్లాయి. ఆవిడ తెర చూస్తూ మళ్ళీ "స" అన్నారు, ఈసారి గీత వణకకుండా. గుడివాడలో చిన్నప్పుడు సంగీతం నేర్పిన మాస్టారికి ఇది ఉంటే బెత్తం పని ఉండేది కాదన్నారు.

ఇంటికొచ్చాక కూడా ఆవిడ వదల్లేదు. తాబేలు చేత చతురస్రం గీయించి, ముప్ఫై డిగ్రీలు తిప్పి, పన్నెండు సార్లు చెయ్యమన్నాను. పువ్వులాంటిది వచ్చింది. "బానే ఉంది కానీ ఇది ముగ్గు కాదు. ముందు చుక్కలు పెట్టించు, తర్వాత గీత" అన్నారు. ఏడు చుక్కలు, నాలుగు వరకు, మధ్య చుక్క. చుక్కలు ఆ రాత్రే వచ్చేశాయి. మెలికలకే చాపం గీసే బ్లాకుతో కుస్తీ పడుతున్నాను. చుక్క చుట్టూ తిరిగి బయటికి వచ్చేటప్పుడు తాబేలు మొహం ఎటు ఉండాలో నాకు తేలట్లేదు. ఆవిడ గాలిలో వేలితో గీసి చూపిస్తున్నారు.