అమ్మ సీటు

అమ్మ ప్రయాణం ఎల్లుండే. పెట్టెలు సర్దడం అయింది, తూకం గొడవ ఇంకా తేలలేదు. ఆవకాయ డబ్బా ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి మారిస్తే మొత్తం బరువే తగ్గుతుందని నాన్న నమ్మకం. పోనీలెండి. నాకు నిద్ర పట్టనిది సీటు గురించి.

టికెట్‌కి అంత పోశాక, ఎక్కడ కూర్చోవాలో చెప్పుకోవడానికి మళ్ళీ డబ్బట. నడవా పక్కనైతే ఒక రేటు, కాళ్ళు చాపుకునే చోటైతే ఇంకో రేటు. ఏమీ కట్టకపోతే వాళ్ళు ఎక్కడ పడేస్తే అక్కడే. ఫోన్ చేస్తే అరగంట సంగీతం వినిపించి, చివరికి ఒకమ్మాయి "అది ఆప్షనల్ మేడమ్" అంది. మోకాళ్ళ నొప్పుల మనిషి గల్ఫ్‌లో విమానం మారి, అక్కణ్ణుంచి డాలస్‌కి దాదాపు 16 గంటలు కూర్చోవాలి. ఇందులో ఆప్షన్ ఏముంది తల్లీ?

ఈలోగా బావ సలహాలు. నీళ్ళు బాగా తాగాలి, గంటకోసారి లేచి నడవాలి, కాఫీ తగ్గించాలి, ఎక్కగానే వాచీ డాలస్ టైముకి మార్చేయాలి. అన్నీ నిజమే, కాదనను. లోపల గాలిలో తేమ 20 శాతం కూడా ఉండదు, గొంతు పిడచగట్టుకుపోతుంది. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది, అంటే రాత్రంతా ఊటీలో కూర్చున్నట్టే. అందుకే కడుపు ఉబ్బరం కూడా. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుందని డబ్ల్యూహెచ్ఓ ఎప్పుడో చెప్పింది.

కానీ పోయినసారి ఏమైంది? అమ్మకి కిటికీ సీటు వచ్చింది. మేఘాలు కనిపిస్తాయని మేమంతా సంబరపడ్డాం. పక్కన ఇద్దరు, దుప్పటి ముసుగేసి నిద్ర. వాళ్ళని లేపడానికి అమ్మకి మొహమాటం. లేపకూడదంటే బాత్రూమ్‌కి వెళ్ళకూడదు, వెళ్ళకూడదంటే నీళ్ళు తాగకూడదు. ఎయిర్‌హోస్టెస్ గ్లాసు పట్టుకొచ్చిన ప్రతిసారీ నవ్వి చేయి అడ్డం పెట్టిందట. దిగేసరికి పాదాలు పొంగి చెప్పులు పట్టలేదు. ఎయిర్‌పోర్టులో చెప్పులు చేత్తో పట్టుకుని, సాక్సులతో నడిచొస్తున్న ఫోటో అక్క ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. నాకు మాత్రం ఇప్పటికీ అది చూస్తే ఒళ్ళు మండుతుంది. నీళ్ళు తాగమని చెప్పడం తేలికే, లేచే దారి ఎవరిస్తారు?

వీల్‌చెయిర్ పెట్టించాం. నడవగలిగిన వాళ్ళకి అదెందుకని గొణిగేదాన్ని నేనే. శంషాబాద్‌లో ఆ వరస చూస్తే సగం మంది చక్కగా నడిచొచ్చి కూర్చున్న వాళ్ళే. ఇప్పుడు అనిపిస్తోంది, వాళ్ళకి కావలసింది చక్రాలు కాదు, తెలియని ఊళ్ళో గేటు దాకా తీసుకెళ్ళే మనిషి. అయినా ఇందులోనూ ఒక పేచీ ఉంది. 16 గంటలు కూర్చోబోయే మనిషిని అంతకుముందు కూడా కూర్చోబెట్టడమే కదా! గేటు దగ్గర దింపాక లేచి నాలుగడుగులు వేయమని చెప్పాను. "ఊఁ" అంది. అమ్మ "ఊఁ"కి అర్థం మీకు తెలుసు.

ఇంకోటి, సలహాలన్నీ విమానం ఎక్కాకే మొదలవుతాయి. అలసట మాత్రం ఇంట్లోనే మొదలు. తెల్లవారుజామున మూడున్నరకి ఫ్లైటైతే నాన్న రాత్రి తొమ్మిదికే బయల్దేరదామంటారు. ఆ మధ్యాహ్నం అమ్మ ఓ రెండు గంటలు పడుకుంటే చాలు, ఇక ఏ చిట్కా అక్కర్లేదు. పడుకోనిస్తారా? పిన్నివాళ్ళు చూడ్డానికి వస్తారు. చూడ్డానికి వస్తే భోజనం, వంట ఎవరు చేస్తారంటే, ఇంకెవరు, ప్రయాణం చేసే మనిషే. నిన్నటి దాకా నేనే రమ్మన్నాను వాళ్ళని. రేపు ఫోన్ చేసి, స్వీట్లు ఎయిర్‌పోర్టుకే తెమ్మంటాను. పిన్నికి కోపం వస్తుంది, రానీ.

సీటు కొనేశాను, రెండు విమానాల్లోనూ నడవా పక్కనే. తిట్టుకుంటూనే కార్డు నంబరు కొట్టాను. వాళ్ళు అడిగింది అన్యాయమే, కానీ ఈ ప్రయాణం మొత్తంలో పనికొచ్చే ఖర్చు అదొక్కటే అనిపిస్తోంది. ఎంతైందో ఇక్కడ రాయను. అమ్మకి మాత్రం బావ కట్టాడని చెప్పాను. నేను కట్టానంటే క్యాన్సిల్ చేయించేదాకా ఊరుకోదు, అల్లుడి డబ్బైతే నోరెత్తదు.