గొర్రె పొదుగులకు మార్కులు వేయడం ఎలా నేర్చుకున్నానంటే

దక్షిణ ఫ్రాన్స్‌లోని అవేరాన్ ప్రాంతం రోక్‌ఫోర్ చీజ్‌కి సొంతూరు. లకోన్ జాతి గొర్రెల పచ్చిపాలతో తప్ప ఆ చీజ్ చేయకూడదు. కిలో చీజ్‌కి దాదాపు నాలుగున్నర లీటర్ల పాలు పడతాయి. పశువిజ్ఞానంలో మాస్టర్స్ చేస్తూ ఇంటర్న్‌షిప్‌కి అక్కడి ఒక ఫారానికి వెళ్లాను. తొలి ఈత గొర్రెల పొదుగులు చూసి మార్కులు వేయడం నేర్చుకోవాలి, అదే నా పని.

మాది పాలమూరు వైపు. ఇంట్లో నల్ల గొర్రెల మంద ఉంది. మా దగ్గర గొర్రె పాలన్నీ పిల్లకే. సూడి గొర్రెను కొనేటప్పుడు రెండు చన్నులూ బాగున్నాయా, పొదుగులో గడ్డలున్నాయా అని చూస్తారు, అంతే. ఫోన్‌లో పని గురించి చెబితే నాయిన, "పొదుగు నిండుగుంటే సాలు గద బిడ్డా, ఇంకేం జూస్తవ్?" అన్నాడు. సబబైన ప్రశ్నే. పిల్ల అయితే మూతితో పొడుచుకుని, మెడ తిప్పుకుని ఎలాగైనా తాగేస్తుంది. పాలు పిండే మిషన్‌కి ఆ తెలివి లేదు.

ఆవు పొదుగులో పాలు చాలావరకు పైనున్న కణజాలంలోనే ఉంటాయి, చేపితేనే దిగుతాయి. పాడి గొర్రెలో సగానికి పైగా పాలు ముందే దిగి, పొదుగు అడుగునున్న తిత్తిలో చేరి ఉంటాయి. కాబట్టి చన్ను ఎక్కడుందన్నదే అసలు సంగతి. కుండకు కొళాయి నడుముకు బిగిస్తే అడుగు నీళ్లు కుండను వంచితేగానీ రావు, ఇదీ అంతే. చన్నులు పక్కలకు చూస్తుంటే వాటి కంటే కిందున్న పాలు మిషన్‌కి అందవు. మనిషి పొదుగును చేత్తో పైకెత్తి పట్టుకోవాలి. వందల గొర్రెల్ని ఒకరిద్దరే పిండే చోట అది కుదిరే పని కాదు. పైగా అలాంటి చన్నుల మీద మిషన్ గొట్టాలు సరిగా నిలవక జారుతుంటాయి, గాలి పీలుస్తాయి. పొదుగు వాపుకు అదొక దారి.

ఈ తలనొప్పి కొంతవరకు మనుషులు తెచ్చిపెట్టిందే. 1960ల ప్రాంతంలో లకోన్ గొర్రె ఒక ఈతకు 80 లీటర్ల దాకా ఇచ్చేది. ఇప్పుడు 300 లీటర్ల దగ్గరికి వచ్చింది. పాలు మాత్రమే చూసి పొట్టేళ్లను ఎంచుకుంటూ పోతే పొదుగులు కిందికి జారతాయి, చన్నులు పక్కలకు తిరుగుతాయి. అందుకని 2005 ప్రాంతంలో పొదుగు ఆకారాన్ని, పాలలో వాపును పట్టిచ్చే కణాల లెక్కను కూడా ఎంపికలో చేర్చారు.

నేర్చుకోవడం బొమ్మలతో మొదలైంది. మాకిచ్చిన కొలపట్టీలో 1 నుంచి 9 దాకా మార్కులు. చన్నులు అడ్డంగా పక్కలకు ఉంటే 1, నిటారుగా నేలను చూస్తే 9. పొదుగు లోతుకు వెనక కాలి మడమ కీలు గుర్తు: పొదుగు అడుగు దానికంటే కిందికి వేలాడితే మార్కులు తగ్గుతాయి. మూడోది, రెండు అరల మధ్య గాడి. గాడి స్పష్టంగా ఉందంటే పొదుగును మోసే లోపలి పట్టీ గట్టిగా పట్టి ఉంచిందని అర్థం.

కాగితం మీద అంతా తేలికే. పాలు పిండే చోట గుంటలో నిలబడితే గొర్రెల వెనక భాగాలు కళ్లెదురుగా వరసగా ఉంటాయి. ఒక్కోదానికి కొన్ని సెకన్లే. ఒకటి తోక ఆడిస్తుంది, ఒకటి కాళ్లు మారుస్తుంది, మిషన్ చప్పుడు ఆగదు. మొదట్లో బాగా టెన్షన్‌గా ఉండేది. నాకు నేర్పిన టెక్నీషియన్ ఆవిడ ఏళ్లుగా ఇదే పని చేస్తున్నారు. ఇద్దరం ఒకరి కాగితం ఒకరు చూడకుండా మార్కులు వేసి, చివర్లో పోల్చుకునేవాళ్లం. ఒక మార్కు తేడా ఉంటే ఆవిడ పట్టించుకునేవారు కాదు. అంతకు మించితే ఆ గొర్రె దగ్గరికి మళ్లీ వెళ్లాల్సిందే.

ఆవిడ ఖచ్చితంగా పాటించే నియమం, పిండకముందే చూడాలి. పిండాక పొదుగు ముడుచుకుపోతుంది, ఏ చన్ను ఎటు చూస్తుందో తేలదు. తొలి ఈతవాటినే ఎందుకు చూస్తారో కూడా అక్కడే అర్థమైంది. ఈత ఈతకూ పొదుగు సాగుతుంది కాబట్టి ముసలి గొర్రెను పడుచుదానితో పోల్చి లాభం లేదు. లోతు నాకు త్వరగానే పట్టుబడింది. చన్నుల కోణం మాత్రం చాలా రోజులు సతాయించింది, ఎందుకంటే కుడివైపు ఒకలా ఎడమవైపు ఒకలా ఉండే గొర్రెలు తక్కువేం కాదు.

నాకు నమ్మకం కుదిరింది మాత్రం పాలు కొలిచాకే. కొన్ని గొర్రెలకు మిషన్ తీసిన పాలు విడిగా, తర్వాత పొదుగు ఎత్తిపట్టి పిండిన పాలు విడిగా కొలిచాం. నేను తక్కువ మార్కులు వేసినవాటి రెండో గిన్నెలో ఎక్కువ పాలు కనిపించాయి.

ఈ మార్కులు చివరికి చేరేది తండ్రి లెక్కలోకి. పొట్టేలుకు పొదుగు ఉండదు కాబట్టి వేరువేరు మందల్లోని కూతుళ్లను చూసే దాన్ని అంచనా కడతారు. రైతు మాత్రం కాగితం కోసం ఆగలేదు. మందలో చన్నులు దాదాపు అడ్డంగా ఉన్న గొర్రె ఒకటి పాలు బాగా ఇచ్చేది. నేను దానికి 2 వేశాను. ఆయన చూసి తలూపాడు, గొర్రెను ఉంచుకున్నాడు. దాని ఆడపిల్లను మాత్రం మందలోకి తీసుకోకుండా మాంసానికి అమ్మేశాడు.