బిగ్ రాపిడ్స్‌లో జిమ్ క్రో మ్యూజియం

మిషిగన్‌లో ఉంటున్నా బిగ్ రాపిడ్స్ వైపు ఎప్పుడూ వెళ్ళలేదు, మొన్న మా తమ్ముడు వస్తే ఇద్దరం కలిసి వెళ్ళాం. డెట్రాయిట్ నుంచి మూడు గంటల పైనే డ్రైవ్. ఫెర్రిస్ స్టేట్ యూనివర్సిటీ లైబ్రరీ కింది ఫ్లోర్‌లో ఉంది మ్యూజియం, టికెట్ లేదు. జిమ్ క్రో అంటే అమెరికాలో నల్లజాతివాళ్ళని వేరుగా, తక్కువగా ఉంచిన పాత చట్టాలు, పద్ధతులు; వాళ్ళని వెక్కిరిస్తూ చేసిన వస్తువులన్నీ ఇక్కడ పెట్టారు.

లోపల పోస్టర్లు, ఉప్పు సీసాలు, పోస్ట్‌కార్డులు వేలల్లో ఉన్నాయి కానీ నేను కదల్లేకపోయింది బొమ్మల దగ్గరే. పోత ఇనుముతో చేసిన ఒక పిల్లల హుండీ, నల్లజాతి మనిషి తల, భుజాలు, ఒక చెయ్యి, పెదాలకి ఎర్ర రంగు. అరచేతిలో నాణెం పెట్టి మీట నొక్కితే చెయ్యి లేచి నోట్లో వేసుకుంటుంది, కనుగుడ్లు గిర్రున తిరుగుతాయి. బఫెలోలో షెపర్డ్ హార్డ్‌వేర్ అనే కంపెనీ 1882లో పేటెంట్ తీసుకుంది. పేరులోనే బూతు లాంటి తిట్టు ఉంది, నేనిక్కడ రాయను. పొదుపు నేర్పుదామని అమ్మానాన్నా కొనిచ్చేవాళ్ళు, పిల్లాడు నాణెం వేసిన ప్రతిసారీ తన వేలితోనే ఆ మనిషిని ఆడించి నవ్వుకునేవాడు, ఇంక వీళ్ళు మనకంటే తక్కువ అని ఎవరూ పనిగట్టుకుని చెప్పక్కర్లేదు కదా. నాకు కడుపులో దేవేసినట్టయింది. ఆ రోజుల్లోనే ట్రిగ్గర్ నొక్కితే చైనా మనిషిని వెనకనుంచి తన్నే బొమ్మ తుపాకీ కూడా అమ్మారు, 1882లోనే చైనా కూలీలు దేశంలోకి రాకుండా చట్టం కూడా చేశారు.

అప్పటి అమెరికా జాతరల్లో అయితే బొమ్మ కూడా కాదు, తెరలో కన్నం పెట్టి నిజం నల్లజాతి మనిషి తల బయటికి పెట్టిస్తే దానికేసి బంతులు కొట్టేవాళ్ళు, తగిలితే ప్రైజు.

ఈ మ్యూజియం మొదలుపెట్టింది డేవిడ్ పిల్‌గ్రిమ్ అనే నల్లజాతి సోషియాలజీ ప్రొఫెసర్. అలబామాలో పెరిగాడు, చిన్నప్పుడు ఇలాంటి వస్తువు మొదటిసారి కొని నేలకేసి పగలగొట్టాడట. అలాంటాయన తర్వాత ఏళ్ళతరబడి వెతికి వెతికి కొని 1996లో కలెక్షనంతా యూనివర్సిటీకి ఇచ్చేశాడు.

మా తమ్ముడు "ఇవి ఎందుకన్నయ్యా దాచడం, కరిగించెయ్యాలి" అన్నాడు. నేను ఒప్పుకోను. ఇదే హుండీ యాంటిక్ షాపులో ఉంటే ధర చీటీ ఒక్కటే ఉంటుంది, ఇక్కడ పక్కనే అప్పటి చట్టాలున్నాయి, నల్లజాతివాళ్ళని చెట్లకి ఉరితీసినప్పటి ఫొటోలున్నాయి, ఆ బొమ్మ దేనికి పనికొచ్చిందో కళ్ళకి కడుతుంది. పైగా కరిగిస్తే పోయేవి కావు, ఆ హుండీలకి కొత్తగా నకళ్ళు పోసి ఇప్పటికీ అమ్ముతున్నారు. ఒబామా మీద వచ్చిన వెకిలి వస్తువులు కూడా అక్కడ పెట్టారు మరి.

మనవాళ్ళు కూడా చూడాలి ఇది. ఇల్లు కొనేటప్పుడు "ఆ ఏరియాలో నల్లోళ్ళు ఎక్కువ, వద్దు" అనే మాట మన పార్టీల్లో ఎన్నిసార్లు విన్నానో, ఆ మాటకి ఈ బొమ్మలకి చుట్టరికం ఉంది, ఎవరు కాదన్నా నేను అంటాను.

వెళ్ళేవాళ్ళు తెరిచే రోజులు ముందే చూసుకోండి. మరీ చిన్నపిల్లల్ని వద్దుగానీ హైస్కూల్ పిల్లలుంటే తప్పకుండా తీసుకెళ్ళండి, వాళ్ళడిగే ప్రశ్నలకి టైం ఉంచుకోండి.