ట్యాంకర్ నిచ్చెన బాగుచేయించడానికి ఏడు రోజులు: నా అనుభవం

నాది ఒకే ఒక్క ట్యాంకర్. 12 వేల లీటర్ల బండి, నాలుగేసి వేల లీటర్ల కంపార్ట్‌మెంట్లు మూడు. చెర్లపల్లిలో పెట్రోలు, డీజిలు నింపుకుని భువనగిరి, జనగామ మీదుగా వచ్చి హన్మకొండ, పరకాల వైపు బంకుల్లో దించుతాం. బండి నేనే నడుపుతాను. క్లీనర్‌గా మా మేనత్త మనవడు వస్తాడు. ఇంట్లో వాణ్ని చిన్నోడు అంటాం.

పోయిన ఎండాకాలం ఒక బంకులో బండి ఆపాం. ఇంజన్ బంద్ చేసి, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, ఎర్తింగ్ వైరు తగిలించి, లోపలి పెట్రోలు, డీజిలు నిలకడకు రావడానికి పది నిమిషాలు ఆగాం. ఇవన్నీ పద్ధతి ప్రకారమే చేశాం. తర్వాత చిన్నోడు డిప్ రాడ్ (ట్యాంకులో ఎంత ఉందో కొలిచే గుర్తుల కడ్డీ) ఒక చేత్తో పట్టుకుని వెనక నిచ్చెన ఎక్కాడు. నాలుగో మెట్టు మీద కాలు పెట్టగానే ఎడమవైపు వెల్డింగ్ ఊడిపోయింది. రెండో చేయి ఒక్కటే ఆధారం, అది జారింది. కింద సిమెంటు నేల. మణికట్టు విరిగింది.

వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో కట్టు కట్టించి, వాణ్ని ఇంట్లో దింపి, రాత్రి టార్చి వేసుకుని ఆ మెట్టు చూశాను. విరిగిన చోట నాణెం అంచంత మేర మాత్రమే ఇనుము మెరుస్తోంది, మిగతాదంతా పాత తుప్పు. అంటే పగులు ఎన్నాళ్ల నుంచో ఉంది. దాని మీద పసుపు రంగు పొర. బండి ఫిట్‌నెస్ పరీక్షకు పోయేముందు ఆ రంగు వేయించింది నేనే. టైర్లు, బ్రేకులు, లైట్లు చూసుకున్నాను, నిచ్చెనను మాత్రం కొత్తగా కనపడేలా చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఆటోనగర్ పోయాను. అక్కడ తెలిసిన వెల్డర్ చూసి, "ఏం గాదన్నా, ట్యాంకు ఖాళీగనే ఉన్నది గద. రెండు టాకాలు కొట్టి పది నిమిషాల్ల పంపిస్త" అన్నాడు. మంచివాడు, పనిమంతుడు. కానీ ఆ మెట్లు ఉన్న పట్టీ నేరుగా ట్యాంకు వెనక రేకుకే అతికి ఉంది. నేను వద్దని బండి తిప్పుకుని వచ్చేశాను.

ప్రమాదకర సరుకులు నడపడానికి లైసెన్సు మీద ప్రత్యేక అనుమతి (ఎండార్స్‌మెంట్) కావాలంటే మూడు రోజుల శిక్షణ ఉంటుంది. అక్కడ చెప్పిన వాటిలో నాకు బాగా నాటుకున్నది, నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకు ఎక్కువ ప్రమాదం అన్న మాట. మండేది పెట్రోలు కాదు, దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు. నాలుగు వేల లీటర్ల కంపార్ట్‌మెంటులో అంత ఆవిరి రావడానికి అడుగున పావు లీటరుకు అటూ ఇటూ పెట్రోలు మిగిలినా సరిపోతుంది. వాల్వు దగ్గర, పైపు వంపులో అంతకంటే ఎక్కువే మిగులుతుంది. పైగా ఆ ఆవిరి గాలి కంటే బరువు, ఖాళీ ట్యాంకులో అడుగునే పడి ఉంటుంది. పైనుంచి మూత తీసి వాసన చూసి "ఏం లేదు" అనుకోవడం ఎంత పొరపాటో అక్కడే తెలిసింది. 2002 పెట్రోలియం రూల్స్ ప్రకారం కూడా ట్యాంకులో గ్యాస్ లేదని అర్హత ఉన్న మనిషి పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చిన తర్వాతే వెల్డింగ్ చేయాలి.

అలా హైదరాబాద్ పక్కన ట్యాంకర్లే చేసే ఒక వర్క్‌షాపుకు చేరాను. అక్కడి ఫోర్‌మన్‌ది జగిత్యాల వైపు. సౌదీలో పదకొండేళ్లు ట్యాంకుల పనే చేసి వచ్చాడు. బండి గేటు లోపలికి కూడా రానివ్వకుండా మొదట చివరి లోడు ఏమిటని అడిగాడు. "రెండు పెట్రోలు, ఒకటి డీజిలు" అంటే తల ఊపి దూరంగా చెట్టు కింద పెట్టించాడు.

మొదటి రోజు వాల్వుల్లో, పైపుల్లో మిగిలిందంతా వంపేశారు. రెండో రోజు మూతలన్నీ తెరిచి నీటి ఆవిరి పట్టి, నీళ్లతో కడిగి, నిప్పురవ్వ రాని ఫ్యానుతో గాలి కొట్టారు. సాయంత్రం గ్యాస్ కొలిచే మీటరు గొట్టాన్ని మ్యాన్‌హోల్ నుంచి కిందికి దింపారు. పైన సున్నా, మధ్యలో సున్నా. అడుగున, అలలు కొట్టకుండా పెట్టే అడ్డు పలక వెనక్కి పోగానే ముల్లు లేచింది. ఫోర్‌మన్ నా చెయ్యి పట్టుకుని ఆ ముల్లు చూపించి, "గిదే తమ్మీ, పైనే చూసి మురిసిపోయేటోళ్లను సంపేది" అన్నాడు. మళ్లీ కడిగారు. మూడో రోజు సాయంత్రం అంతటా సున్నా వచ్చినా ఆయన ఒప్పుకోలేదు. తుప్పు పొరల్లో ఇంకిన పెట్రోలు రాత్రంతా మెల్లగా ఆవిరవుతుందట. నాలుగో రోజు పొద్దున మళ్లీ చూసి, ఆక్సిజన్ కూడా మామూలు గాలిలో ఉన్నట్టు 20.9 శాతం ఉందని తేలాకే సర్టిఫికెట్ రాయించాడు.

ఇన్ని రోజుల్లో ఒక్క మనిషి కూడా లోపలికి దిగలేదు. నేను అడిగాను కూడా, దిగి గుడ్డతో తుడిస్తే తొందరగా అయిపోదా అని. ఆయనకు కోపం వచ్చింది. లోపలికి దిగాలంటే పర్మిట్ ఉండాలి, నడుముకు బెల్టు, తాడు ఉండాలి, పైన కదలకుండా ఒక మనిషి కాపలా ఉండాలి. ఆ మనిషి కూడా కింద వాడు పడిపోతే వెంటనే దూకకూడదు, తాడుతోనే లాగాలి. అమెరికా నియమాల్లో 400 గ్యాలన్లు (సుమారు 1,500 లీటర్లు) దాటిన ట్యాంకు మ్యాన్‌హోల్ కనీసం 15 అంగుళాల వెడల్పు ఉండాలని ఉంది. పదిహేను అంగుళాలంటే మన జానెడుకు రెండింతలు కూడా ఉండదు. స్పృహ తప్పిన మనిషిని అందులోంచి పైకి లాగడం ఎంత కష్టమో ఊహించుకుంటే ఒళ్లు జలదరించింది. దిగబుద్ధి అయినప్పుడల్లా ఆ కన్నం వైపు ఒకసారి చూసుకోవాలి.

నిచ్చెన సంగతికి వస్తాను. పాతదాన్ని విప్పి పడేశాం. ఫోర్‌మన్ టేపుతో కొలిచి చూపించాడు. మెట్టుకూ వెనక రేకుకూ మధ్య మూడు అంగుళాలే ఉంది. అంటే ఇన్నాళ్లూ మేం కాలివేళ్ల మీదే ఎక్కుతున్నాం. ఇలాంటి కట్టుడు నిచ్చెనలకు వెనకాల ఏడు అంగుళాల ఖాళీ ఉండాలి, మెట్టుకూ మెట్టుకూ సుమారు అడుగు ఎడం ఉండాలి. గుండ్రటి కడ్డీలు నడిమధ్య నున్నగా అరిగి ఉన్నాయి, డీజిలు తడి తగిలితే సబ్బు మీద నిలబడ్డట్టే. కొత్తదానికి పళ్లున్న చదును మెట్లు పెట్టించాం. మెట్ల వెల్డింగ్ అంతా బండికి దూరంగా నేల మీదే చేశారు. ట్యాంకు రేకు మీద పై పట్టీ ఒక్కటే అతికించి, నిచ్చెనను దానికి బోల్టులతో బిగించారు. రేపు మెట్టు పోయినా విప్పి బాగు చేసుకోవచ్చు, మళ్లీ ట్యాంకు కడగనవసరం లేదు. పైన నడిచే చోట మడిచే రెయిలింగు, గళ్ల రేకు వేయించాను.

మూతల దగ్గర నాకు ఇంకో దెబ్బ తగిలింది. మధ్య కంపార్ట్‌మెంటు మూత రబ్బరు మీద ఆయన వేలు రుద్దితే నల్లటి పొడి రాలింది. ఒక బిగింపు వంగిపోతే తీగతో కట్టి నడుపుతున్నాను. బండి బోల్తా పడితే ఆ కంపార్ట్‌మెంటులోని నాలుగు వేల లీటర్లను లోపల ఆపేది ఆ మూతే. రబ్బర్లు, బిగింపులు మూడింటికీ కొత్తవి వేయించాను. ఎండాకాలం మూత తీసేటప్పుడు మొహం పక్కకు తిప్పి, గాలి ఎటునుంచి వస్తోందో అటువైపు నిలబడి, మొదట కొంచెమే సడలించి లోపలి ఒత్తిడి పోనివ్వమని కూడా ఆయనే నేర్పాడు.

తర్వాత తూనికలు కొలతల శాఖ దగ్గర కాలిబ్రేషన్. ట్యాంకు మీద పని జరిగింది కాబట్టి ఏడాది గడువు కాకముందే మళ్లీ చేయించాల్సి వచ్చింది. నీళ్లు కొలిచి పోసి, డిప్ రాడ్ గుర్తులు సరిచూసి, ముద్ర వేశారు. కాగితాలు ముందే సర్దుకున్నాను కాబట్టి ఒక్క పూటలో అయిపోయింది.

మొత్తం ఏడు రోజులు, నాలుగు లోడ్లు పోయాయి. ఆటోనగర్‌లో అయితే పది నిమిషాలే. ఆ వెల్డర్ దగ్గరికి పోయి మీటరు ముల్లు సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, పల్లె ప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమంలో గ్రామ పంచాయతీలకు వచ్చిన నీళ్ల ట్యాంకర్ల నిచ్చెనలు తన దగ్గరికే వస్తాయని, వాటిని పిల్లలు కూడా ఎక్కుతారని, ఇకనుంచి మెట్టు మెట్టుకూ సుత్తితో కొట్టి చూస్తానని అన్నాడు.

చిన్నోడు నెలన్నరకు పనిలోకి వచ్చాడు. ఇప్పుడు డిప్ రాడ్ పట్టుకుని ఎవరం ఎక్కం. ముందు మనిషి ఎక్కుతాడు, రెండు చేతులూ నిచ్చెన మీదే ఉంటాయి, పైకి చేరాక కింద నుంచి రాడ్ అందిస్తాం. మడత రెయిలింగు బోల్టు ఒకటి జనగామ దాటేసరికి వదులవుతోంది, దానికి లాక్ నట్ వేయించాలి.