కబ్ కేడెట్ 128: పిన్ను ఉండాల్సిన చోట బోల్టు

మార్చి 8, శనివారం

నా కబ్ కేడెట్ 128, అంటే గడ్డి కోయడానికీ మంచు తోయడానికీ వాడే చిన్న తోట ట్రాక్టర్, క్లచ్ వదిలిన ప్రతిసారీ సీటు కింద ‘టక్’ మని కొడుతోంది. చలికాలంలో మంచు తోసేటప్పుడే మొదలైంది. రివర్స్ నుంచి ముందు గేరుకి మారినప్పుడైతే ఇంకా గట్టిగా. గేర్‌బాక్స్ పళ్ళు పోయాయేమోనని టెన్షన్ పడ్డా. ఇవాళ ఇంజిన్ ఆపి, గేరులో పెట్టి, కాళ్ళ మధ్య ఉండే రేకు విప్పి, క్లచ్ తొక్కి పట్టుకుని, ఇంజిన్ నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్ళే షాఫ్టును చేత్తో తిప్పి చూశా. వెనక కప్లింగ్ (షాఫ్టును గేర్‌బాక్స్‌కి కలిపే ముక్క) కదలడం లేదు, షాఫ్టు మాత్రం అందులో అటూ ఇటూ ఊగుతోంది. హమ్మయ్య, గేర్‌బాక్స్ కాదు.

ఇది ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ళు 1971-74 మధ్య చేసిన బండి. కోలర్ కె301 ఇంజిన్, 12 హార్స్ పవర్. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య బెల్టు లేదు. 5/8 అంగుళం లావున్న ఉక్కు షాఫ్టు నేరుగా వెళ్తుంది. దాని వెనక కొస కప్లింగ్‌లో దూరుతుంది. రెండింటినీ కలిపి పట్టేది అడ్డంగా కొట్టిన పావు అంగుళం పిన్ను ఒక్కటే.

మార్చి 9

ఉదయం తెనాలికి వీడియో కాల్ చేసి నాన్నకి చూపించా. ఆయన జీవితమంతా పెద్ద ట్రాక్టర్లతోనే గడిచింది. “క్రాస్ పోయిందా?” అన్నారు, పెద్ద ట్రాక్టర్ల షాఫ్టుల్లో మలుపు దగ్గర ఉండే యూనివర్సల్ జాయింట్ గురించి. ఇందులో క్రాస్ లేదు నాన్నా అంటే నమ్మలేదు. దగ్గరగా పెట్టమని, చూసి, “అది బోల్టురా. పిన్ను పెట్టాల్సిన చోట బోల్టు ఎవడు పెట్టాడు?”

నిజమే. నాకు అమ్మినాయనో, అంతకు ముందాయనో పావు అంగుళం బోల్టు దూర్చి నట్టు బిగించేశాడు. నట్టు తుప్పు పట్టి రాలేదు. గ్రైండర్‌తో కోసి, పంచ్‌తో కొట్టి తీశా. షాఫ్టు రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేసింది. కాలిపర్‌తో కొలిస్తే 6.35 మి.మీ. ఉండాల్సింది పొడవు వైపు 8.5 ఉంది. అంటే షాఫ్టు దాదాపు 15 డిగ్రీలు ఖాళీగా తిరిగి, ఆ తర్వాత బోల్టుకి గుద్దుకుంటోంది. కప్లింగ్ రంధ్రం కూడా అంతే.

బోల్టు గట్టిదే కదా, తప్పేంటి అని నేనూ అనుకున్నా. లెక్క వేస్తే తెలిసింది. 3,600 ఆర్‌పీఎం దగ్గర 12 హార్స్ పవర్ అంటే సుమారు 24 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). షాఫ్టు లావు 16 మి.మీ. కూడా లేదు కాబట్టి పిన్ను రెండు వైపులా తలా 150 కిలోల తోపు పడుతుంది. క్లచ్ ఒక్కసారిగా పట్టినప్పుడు ఇంకా ఎక్కువ. బోల్టు చేత్తో దూరిందంటేనే రంధ్రంలో సందు ఉన్నట్టు, ఆ సందులో ప్రతి కుదుపూ సుత్తి దెబ్బే. అసలు ఇక్కడ ఉండాల్సింది చాప చుట్టినట్టు చుట్టిన ఉక్కు రేకు పిన్ను. అది రంధ్రం కంటే కాస్త లావుగా ఉంటుంది. కొట్టి దించితే లోపల బిగుసుకుని కూర్చుంటుంది, కుదుపు వస్తే కొంచెం నొక్కుకుని తనే మింగుతుంది.

మార్చి 15

ఏం చేయాలన్న దగ్గరే వారమంతా పోయింది. రంధ్రాన్ని 5/16 అంగుళానికి పెంచి లావు పిన్ను వేద్దామంటే 5/16 అంటే 7.94 మి.మీ., అరుగుడు 8.5. గుడ్డు ఆకారం పోదు. వెల్డింగ్‌తో నింపి మళ్ళీ రంధ్రం వేయొచ్చు కానీ వేడికి సన్న షాఫ్టు వంగుతుంది, నా వెల్డింగ్ సంగతి నాకు తెలుసు. 90 డిగ్రీలు తిప్పి కొత్త రంధ్రం వేస్తే ఒకే చోట నాలుగు కన్నాలై మిగిలే ఇనుమెంత? చివరికి కొత్త షాఫ్టు చేసుకోవడానికి 1144 గ్రేడు గ్రౌండ్ రాడ్ (సరిగ్గా కొలతకి సానబట్టిన ఉక్కు కడ్డీ) మూడడుగులు, కొత్త కప్లింగ్, రెండు స్పైరల్ పిన్నులు (పైన చెప్పిన చుట్టిన రేకు పిన్నులు) తెప్పించా.

మార్చి 22

మొదటి రంధ్రం పాడు చేశా. రాడ్డు వీ-బ్లాక్‌లో (గుండ్రటి కడ్డీ దొర్లకుండా పట్టే V ఆకారం గాడి ఉన్న దిమ్మలో) పెట్టి కంటి అంచనాతో వేస్తే అర మిల్లీమీటరు పక్కకి పోయింది. ఆ కొస కోసేసి మళ్ళీ మొదలు. పొడవు సరిపోయింది కాబట్టి బతికిపోయా.

రెండోసారి పాత చిట్కా వాడా: డ్రిల్ బిట్ మొనకీ రాడ్డుకీ మధ్య పల్చటి స్టీలు స్కేలు పెట్టి మెల్లగా దించాలి. స్కేలు ఒక పక్కకి ఒరిగితే మొన మధ్యలో లేనట్టే. చదునుగా నిలిచేదాకా వీ-బ్లాక్ జరిపి, క్లాంపు బిగించి, ముందు 1/8, తర్వాత 15/64, చివర పావు అంగుళం రీమర్ (రంధ్రాన్ని నున్నగా, ఖచ్చితమైన కొలతకి తెచ్చే పనిముట్టు). నూనె ధారాళంగా. క్లచ్ వైపు రంధ్రాలు పాత షాఫ్టు పక్కన పెట్టి గీసుకుని వేశా. వాటికి మధ్యాహ్నమంతా పట్టింది.

మార్చి 29

రేపు ఉగాది, ఇవాళే ముగించమని ఇంట్లో హెచ్చరిక. షాఫ్టు దూర్చడానికి ఇంజిన్ బోల్టులు నాలుగూ విప్పి ముందుకు జరిపా. పిన్ను కొట్టేటప్పుడు కింద బరువైన ఇనప దిమ్మ ఆనించడం మరవొద్దు. లేకపోతే ప్రతి దెబ్బా గేర్‌బాక్స్ బేరింగ్ మీదికే. ఇంజిన్ వెనక్కి జరిపాక బోల్టులు ఒక్కసారే బిగించకుండా, షాఫ్టు తిప్పుతూ పట్టకుండా ఉందో లేదో చూస్తూ కొద్దికొద్దిగా బిగించా.

స్టార్ట్ చేసి, క్లచ్ వదిలా. టక్ లేదు. రివర్స్, ముందుకు, మళ్ళీ రివర్స్, ఏమీ లేదు. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు మాటున దాక్కున్న క్లచ్ బేరింగ్ కూత మాత్రం ఇప్పుడు వినిపిస్తోంది.

పిన్ను కొస మీదా కప్లింగ్ మీదా కలిపి తెల్ల పెయింటు గీత గీశా. ఐదు గంటలు గడ్డి కోశాక రేకు విప్పి గీత జరిగిందేమో చూడాలి.