జిల్లేడు మీద వాలింది మోనార్క్ కాదు

రథసప్తమి నాడు తెల్లారకుండానే అమ్మ లేపేసింది. "లెగరా, జిల్లేడాకులు కోసుకురా. పురుగు కొట్టినవి తేకు" అంది. ఏడు జిల్లేడాకులు, రేగుపళ్ళు పెట్టుకుని సూర్యుడికి ఎదురుగా నీళ్ళు పోసుకోవడం మా ఇంట్లో ఎన్నడూ తప్పలేదు. వీలైన ఏడు అరసవల్లి వెళ్ళేవాళ్ళం, లేకపోతే పర్లాకిమిడిలో మా పెరట్లోనే. ఆరేళ్ళుగా ఆ రోజున నేను ఇంటి దగ్గర లేను. ఈసారి పంటకీ పంటకీ మధ్య సెలవు దొరికింది.

మహేంద్రతనయ గట్టు మీద జిల్లేడుకి కొదవ లేదు. నా వెంట అన్నయ్య కూతురు వచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. మంచు ఇంకా విడలేదు. ఒక పొద దగ్గర ఆగి, ఆకు వంచి చూసి, ఊపిరి బిగబట్టి పిలిచింది.

"చిన్నాన్నా! మీ కెనడా మోనార్క్ ఇక్కడికీ వచ్చేసింది!"

ఆకు అడుగున నారింజరంగు సీతాకోకచిలుక ఒకటి రెక్కలు మూసుకుని వేలాడుతోంది. రాత్రంతా అక్కడే పడుకుందన్నమాట. చలికి కదలడం లేదు. నేను అక్కడినుంచి పంపిన ఫొటోలన్నీ ఈ పిల్ల దాచుకుంది. అందుకే అంత సంబరం. ఆ సంబరం చూస్తుంటే వెంటనే కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పైగా ఇదే పొరపాటు నేను అవతలి వైపు నుంచి చేశాను.

నేనుండేది కెనడాలో, ఒంటారియో రాష్ట్రానికి దక్షిణపు కొసన, ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న లెమింగ్టన్‌లో. ఆ ఊరి పేరు చెబితే అక్కడివాళ్ళు టొమాటో అంటారు. 1909 నుంచి 2014 దాకా హైంజ్ వాళ్ళ ఫ్యాక్టరీ అక్కడ నడిచింది. ఇప్పుడు పొలాల కంటే గాజు కప్పుల కింది తోటలే కంటికి ఎక్కువ ఆనతాయి. శీతకాలం రాత్రి దీపాలు వేస్తే ఊరి మీద ఆకాశం గులాబీరంగుకి తిరుగుతుంది. నా పని టొమాటో తీగలు దించడం. తీగ పైనున్న వైరు నుంచి దారం మీద వేలాడుతూ పెరుగుతుంది. వారం వారం దారం కాస్త వదిలి, తీగని పక్కకి జరిపి, కొత్త చిగురుకి క్లిప్పు పెట్టి, కింది ఆకులు తుంచెయ్యాలి. వేడినీళ్ళ పైపులే పట్టాలుగా బండి మీద నిలబడి వరస ఈ కొస నుంచి ఆ కొసకి పోతాం. పూలు కాయ కట్టడానికి అట్టపెట్టెల్లో తుమ్మెదలు తెచ్చి పెడతారు. పొద్దున్న ఎనిమిదికల్లా చేతులు పచ్చబడతాయి, మధ్యాహ్నానికి నల్లటి జిగురు కడుతుంది. సబ్బుతో పోదు. పండిన టొమాటో ఒకటి చిదిపి రుద్దుకుంటే పోతుంది.

మొదటి ఏడు జూలైలో, తోట వెనక కాలవ గట్టున, భోజనానికి కూచున్నప్పుడు చూశాను. ముదురు గులాబీ పూలగుత్తులున్న మొక్క. ఆకు తుంచితే తెల్లటి పాలు కారాయి. దాని మీద నారింజరంగు సీతాకోకచిలుక. పాల మొక్క, ఈ చిలుక, రెండూ కలిసి కనబడేసరికి గుండె మా ఊరికి పోయింది. ఫొటో తీసి ఇంటికి పంపాను. "మన జిల్లేడు సీతాకోకచిలుక ఇక్కడా ఉంది" అని రాశాను. ఆ మొక్క మిల్క్‌వీడ్. జిల్లేడుకి దగ్గర చుట్టమే, ఒకే కుటుంబం. 2014 దాకా ఒంటారియోలో దాన్ని పీకెయ్యాల్సిన కలుపు మొక్కల జాబితాలో పెట్టారు. మోనార్క్ గొంగళిపురుగు అది తప్ప మరేదీ తినదు కాబట్టి ఆ జాబితాలోంచి తీసేశారు.

అది మోనార్క్ అని నాకు చెప్పినాయన నా పక్క వరసలో పనిచేసే మెక్సికో మనిషి. మిచోవకాన్ రాష్ట్రంలో ఆంగాంగెయో దగ్గరి పల్లె ఆయనది. 1974 నుంచి మెక్సికో వాళ్ళు ఒప్పందం మీద కెనడా పొలాలకి వస్తున్నారు. ఏడాదికి ఎనిమిది నెలలకి మించి ఉండనివ్వరు. డిసెంబరు 15 లోపు వెనక్కి వెళ్ళిపోవాలి. ఆయనకి అది పంతొమ్మిదో ఏడు. నాకు స్పానిష్ రాదు, ఆయనకి ఇంగ్లీషు అంతంత మాత్రం. నన్ను "అమీగో" అనేవాడు, నేనూ అదే అనేవాణ్ణి.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ అదే గట్టున, విల్లో చెట్టు మీద ఇంకొకటి కనబడింది. "మోనార్క్!" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. లేచి వెళ్ళి రెండు వేళ్ళతో సుతారంగా పట్టుకుని, నా ముందుకొచ్చి రెక్క విప్పి చూపించాడు. అదే నారింజ రంగు. కాటుక దిద్దినట్టు అవే నల్లటి ఈనెలు. నల్లటి అంచు మీద తెల్ల చుక్కలు. నాకేమీ తేడా తెలియలేదు. ఆయన మార్కర్ తీసి, జిగురు పట్టిన నా చేతితొడుగు మీద రెండు రెక్కలు గీశాడు. ఒక దాని వెనక రెక్కకి అడ్డంగా, అంచుకి సమాంతరంగా వంపు తిరిగిన గీత గీసి వేలితో తట్టాడు. మళ్ళీ ఆ చిలుక వైపు చూశాను. గీత ఉంది. అంతసేపూ నా కళ్ళముందే ఉంది.

అది వైస్రాయ్. మోనార్క్ అంటే రాజు, వైస్రాయ్ అంటే రాజు తరఫున వచ్చినవాడు. మదరాసు ప్రెసిడెన్సీలో జమీందారీగా బతికిన పర్లాకిమిడి వాడికి ఈ రెండు మాటలూ విడమరిచి చెప్పక్కర్లేదు. వైస్రాయ్ కాస్త చిన్నది. అంచు మీద తెల్ల చుక్కలు దీనికి ఒక్క వరసే, మోనార్క్‌కి రెండు వరసలు. దూరంగా ఎగురుతున్నా పోల్చుకోవచ్చు: మోనార్క్ గాలిలో తేలేటప్పుడు రెక్కలు పైకెత్తి ఉంచుతుంది, గద్ద ఆకాశంలో తిరిగినంత తాపీగా పోతుంది. వైస్రాయ్ గబగబా నాలుగు సార్లు కొట్టుకుని, రెక్కలు బల్లపరుపుగా చాచి జారుతుంది. దాని పురుగు విల్లో, పాప్లర్ ఆకులు తింటుంది, చూడటానికి పిట్ట రెట్టలా ఉంటుంది. మిల్క్‌వీడ్ జోలికే పోదు.

చాలాకాలం పుస్తకాల్లో ఏం రాశారంటే, మోనార్క్ ఒంట్లో మిల్క్‌వీడ్ పాల నుంచి వచ్చిన చేదు విషం ఉంటుంది కాబట్టి పిట్టలు ముట్టుకోవు, ఆ వేషం వేసుకుని వైస్రాయ్ బతికిపోతోంది, తనలో మాత్రం ఏ విషమూ లేదు అని. 1991లో ఇద్దరు శాస్త్రవేత్తలు రెక్కలు తీసేసి వట్టి ఒళ్ళు పిట్టలకి పెట్టి చూశారు. వైస్రాయ్‌ని కూడా పిట్టలు ఇష్టంగా తినలేదు. అదీ చేదే. రెండూ ఒకే రంగు తొడుక్కోవడం వల్ల ఏ పిట్ట ఏదాన్ని రుచి చూసినా రెండో దానికీ మేలే. అంతకాలం దాన్ని నకిలీ అన్నారు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు చాలా తృప్తిగా అనిపించింది. ఎందుకో చెప్పాలి.

మా ఊరు 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు అటు వెళ్ళింది. పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రలో ఉంది. శ్రీకాకుళంలో మమ్మల్ని ఒడిశావాళ్ళంటారు. భువనేశ్వర్‌లో తెలుగువాళ్ళంటారు. లెమింగ్టన్‌లో పంజాబీ అనుకుంటారు. నేనున్న తోటలో నాతోపాటు పేరు చివర కుమార్ అని ఉన్న ఇంకొకాయన పనిచేసేవాడు, కేరళ మనిషి. పదకొండు గంటల నా ఓవర్‌టైమ్ ఆయన ఖాతాలో పడింది. వెళ్ళి చెబితే సూపర్‌వైజరు మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసి "మీరిద్దరూ ఒకేలా ఉంటారు" అన్నాడు. ఆయన నాకంటే జానెడు పొడుగు, గడ్డం ఉంది. డబ్బు రెండు వారాలకి వచ్చింది, ఆ మాట మాత్రం పోలేదు. మా ఊళ్ళో పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు, అందరూ అడవి కూతలని కొట్టిపారేసిన సవర మాటల్ని ఎదురుగా కూచుని విని, రాసుకుని, నిఘంటువు కట్టారు. దగ్గరకెళ్ళి చూడటం, వినడం మనిషికిచ్చే మర్యాద. పురుగుకైనా అంతే అని నేననుకుంటాను.

సెప్టెంబరులో ఒక ఆదివారం అమీగో నన్ను పాయింట్ పీలీకి తీసుకెళ్ళాడు. కెనడా ప్రధాన భూభాగానికి అదే దక్షిణపు కొస, సరస్సులోకి సూదిలా పొడుచుకొచ్చిన నేల. ఈరీ సరస్సు దాటే ముందు మోనార్కులు అక్కడ ఆగుతాయి. ఎండ రాకముందు చెట్టు కొమ్మంతా ఎండుటాకులు వేలాడుతున్నాయనుకున్నాను. ఎండ తగిలింది. కొమ్మ ఒక్కసారిగా మోదుగ పూసినట్టయింది.

వేసవిలో పుట్టినవి కొద్ది వారాలే బతుకుతాయి. ఈ చివరి కాన్పువి ఎనిమిది నెలల దాకా బతికి, వేల కిలోమీటర్లు ఎగిరి, మెక్సికోలో సుమారు మూడు వేల మీటర్ల ఎత్తున్న కొండల మీది ఒయామెల్ చెట్లకి చేరతాయి. అక్కడికి అవి అంతకుముందు ఎన్నడూ వెళ్ళలేదు, వాటి తల్లులూ వెళ్ళలేదు. టొరంటోకి చెందిన ఉర్కార్ట్ దంపతులు దశాబ్దాల పాటు రెక్కలకి చీటీలు అంటించి ఇవి ఎక్కడికి పోతున్నాయో వెతికారు. 1975 జనవరిలో వారి తరఫున వెతుకుతున్న కెన్ బ్రుగర్, కాటలీనా అగ్వాడో ఆ కొండల మీద వాటిని చూశారు. ఈ మాట నేను చెబితే అమీగో తన ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "మా ముత్తాతకి తెలుసు" అన్నాడు. వాళ్ళ పితృదేవతల పండగ నవంబరు మొదట్లో వస్తుంది. సరిగ్గా అప్పుడే ఇవీ చేరతాయి. పోయినవాళ్ళ ఆత్మలే వచ్చాయంటారు. తను మాత్రం ఆ పండగకి ఎన్నో ఏళ్ళుగా ఇంటి దగ్గర లేడు. నవంబరులో ఇంకా మా వరసల్లో కాయ ఉంటుంది. అవి వెళుతుంటే నీళ్ళ వైపు చూస్తూ, వాళ్ళ అమ్మ పేరు పలికాడు. ఆ కొండల మీద మోనార్కులు పరుచుకున్న మేరనే లెక్కగా తీసుకుంటారు. 2023-24 చలికాలంలో అది 0.9 హెక్టారుకి పడిపోయింది, మరుసటి ఏడు 1.79కి లేచింది. ఆ కబురు ఆయనే ఫోన్‌లో చూపించాడు, తన పొలం పంట లెక్క చెప్పినట్టు.

ఇదంతా గట్టు మీద పిల్లకి చెప్పలేదు. ఎండ వచ్చేదాకా ఆగమన్నాను.

ఎండ పొద మీద పడ్డాక అది నెమ్మదిగా రెక్కలు విప్పింది. "ఈనెలు నల్లగా ఉన్నాయా?" అని అడిగాను. లేవు. నారింజ రంగు ఎక్కడా గీతలు లేకుండా నున్నగా ఉంది. ముందు రెక్క కొన నలుపు, అందులో ఏటవాలుగా తెల్లటి పట్టీ. వెనక రెక్క నడుమ నల్ల చుక్కలు. "లెక్కపెట్టు." మూడు. ఆడది. మగదానికి నాలుగుంటాయి, ఆ నాలుగోది వాసన సంచి. ఇది ప్లెయిన్ టైగర్. మన దగ్గర మోనార్క్‌తో నిజంగా తికమక పెట్టేది దీని చుట్టం స్ట్రైప్డ్ టైగర్. దానికీ నల్లటి ఈనెలుంటాయి. పాత పుస్తకాల్లో మోనార్క్ శాస్త్రీయనామాన్నే దానికి పెట్టేశారు, పండితులు కూడా పొరబడ్డారు. ముందు రెక్క కొనన తెల్ల పట్టీ స్పష్టంగా ఉంటే అది మనదే.

ఆమె కోసిన ఆకు మీద పురుగు కూడా దొరికింది. తెలుపు, నలుపు, పసుపు పట్టీలు. మోనార్క్ పురుగూ అచ్చం అలాగే ఉంటుంది. కానీ దాని ఒంటి మీద మీసాల్లాంటివి రెండు జతలే, తల దగ్గర ఒకటి, తోక దగ్గర ఒకటి. దీనికి నడుమ ఇంకో జత ఉంది. పిల్ల ఆకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకోబోతే చెయ్యి పట్టుకున్నాను. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు. ఆ ఆకు మళ్ళీ పొదలోనే పెట్టేశాం.

"అయితే మోనార్క్ ఇక్కడికి రాదా?" అంది. రాదన్నాను. కాసేపు ముఖం చిన్నబుచ్చుకుంది. "మరి ఇది కూడా చేదేనా?" అంది. చేదే, జిల్లేడు తిన్నది కదా అన్నాను. ఇంటికొచ్చేసరికి అమ్మ "ఏడాకులకి ఇంతసేపేటిరా?" అని కేకలేసింది.

మొన్న జూలైలో, వరస మధ్యలో ఉండగా ఫోన్‌కి ఫొటో వచ్చింది. మా పెరటి బావి. వాన పడి పావిలికూర గట్టు చుట్టూ పాకింది. దాని మీద ప్లెయిన్ టైగర్ వాలి ఉంది. కింద ఆమె గొంతు: "చిన్నాన్నా, ఇది జిల్లేడు దగ్గర కాదు, పావిలాకు మీద గుడ్లు పెడతంది. వెనక రెక్క నడుమ చుక్కల్లేవు, పైన అంచు దగ్గర ఒకటే ఉంది. అంచులు కూడా రంపంలా ఉన్నాయి. ఇది వేరేది కదా?"

బండి ఆపి ఫొటో పెద్దది చేసి చూశాను. పక్క వరస నుంచి అమీగో వచ్చి తనూ వంగి చూశాడు. డానాయిడ్ ఎగ్‌ఫ్లై, ఆడది. ప్లెయిన్ టైగర్ వేషంలో తిరిగేది. తొడుగు తీసి, నల్లబడ్డ వేళ్ళతో టైపు చేశాను: "వేరేదే. మగది దీనిలా ఉండదు. నల్లగా ఉంటుంది, ఒక్కో వైపు మూడు తెల్ల మచ్చలు, వాటి చుట్టూ ఊదారంగు. ఆ బావి దగ్గరే చూస్తూ ఉండు."